సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్: డీలర్ 5.75 నుంచి కదలట్లేదు, ఎంత దగ్గర మొదలుపెట్టాలి?

నిజాంపేట్_నానో
2019 స్విఫ్ట్ వీఎక్స్‌ఐ పెట్రోల్, టీఎస్ 07, రెండో ఓనర్, రీడింగ్ 62 వేలు. యార్డులో చెప్పే రేటు 5.75 లక్షలు. "ఫిక్స్‌డ్ సార్, మాకే 5.60 పడింది" అంటున్నాడు. దీని మీద ట్రాన్స్‌ఫర్ 15 వేలు, జీఎస్‌టీ 18 శాతం, వారంటీ ప్యాకేజీ 12 వేలు వేరే అట. ఇన్సూరెన్స్ ఇంకో రెండు నెలలే ఉంది. ఇవాళే 25 వేలు టోకెన్ వెయ్యమంటున్నాడు, సాయంత్రం ఇంకో పార్టీ వస్తోందట. ఎంత దగ్గర మొదలుపెట్టాలి? ఎంతకి దిగితే తీసుకోవచ్చు?

క్లచ్‌ప్లేట్
ఆ సాయంత్రం పార్టీ హైదరాబాద్‌ల ప్రతి యార్డుకీ రోజూ వస్తది. టోకెన్ వెయ్యకు.

ఫారం_29
ముందు జీఎస్‌టీ సంగతి తేల్చుకోండి. పాత కారు మీద పన్ను డీలర్ మార్జిన్ మీదే పడుతుంది, మొత్తం ధర మీద కాదు. 2025 జనవరి నుంచి అన్ని పాత కార్లకీ 18 శాతం ఒకటే రేటు. అంతకు ముందు చిన్న కార్లకి 12 ఉండేది. రేటు పెరిగినా, కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీదే లెక్క.

ఇప్పుడు ఆయన మాటే పట్టుకోండి. కొన్నది 5.60, అమ్మేది 5.75. తేడా 15 వేలు, దాని మీద పన్ను 2,700 రూపాయలు. 5.75 మీద 18 శాతం అంటే 1,03,500. ఈ రెండిట్లో ఏది వేస్తున్నారని అడగండి. 2,700 కంటే ఒక్క రూపాయి ఎక్కువ చెప్పినా, 5.60 పడిందన్న మాట అబద్ధమని ఆయనే ఒప్పుకున్నట్టు. పైగా ఆయన జీఎస్‌టీ నంబరు లేని కమీషన్ ఏజెంట్ అయితే, బండి అసలు ఓనర్ నుంచి నేరుగా మీకు వస్తుంటే, మీ దగ్గర జీఎస్‌టీ అడిగే హక్కే లేదు.

పాత_అంబాసిడర్
15 వేల లాభానికి యార్డు అద్దె, వాచ్‌మన్ జీతం, రోజూ బండ్లు కడిగే కుర్రాడు, వచ్చినవాడికల్లా టీ. ధర్మసత్రం నడుపుతున్నాడు పాపం.

కూకట్‌పల్లి_కార్నర్
ఫారం_29 గారి లెక్క కరెక్టే, కానీ మొహం మీద అడిగితే పని చెడుతుంది. మనిషిని మూలకి నెడితే "అన్నీ కలిపే చెప్పా సార్, ఇష్టమైతే తీసుకోండి" అని లేచిపోతాడు. ఆ లెక్క మీ మనసులో ఉంచుకోండి. బయటికి ఒకటే మాట: "ట్రాన్స్‌ఫర్, పన్ను, కాగితాలు అన్నీ కలిపి నా చేతికి తాళం వచ్చేసరికి ఎంత?" ఆ ఒక్క అంకె మీదే బేరం. విడివిడిగా బేరమాడితే ధరలో 20 తగ్గించి, చార్జీల్లో 27 లాగేస్తారు.

ఫారం_29
మూలకి నెట్టకపోతే 15 వేల ట్రాన్స్‌ఫర్ చార్జీ అలాగే ఉండిపోతుంది కదండీ. ప్రభుత్వ ఫీజులు అన్నీ కలిపినా ఆ దరిదాపుల్లోకి రావు. ఏజెంటుకి ఇచ్చేది కలిపినా 5 వేలలో తేలే పని. "ఆర్‌టీఏ రసీదులో ఎంతుంటే అంతా, పైన మీ మనిషికి వెయ్యి" అంటే చాలు, దానికి జవాబుండదు.

బెజవాడ_బోల్టు
ధర తర్వాత, ముందు నీళ్లలో మునిగిన బండి కాదని తేల్చుకోండి. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదలు, 2024 సెప్టెంబరులో మా బెజవాడలో బుడమేరు వరద. రెండిట్లోనూ మునిగిన బండ్లు కడిగి, పాలిష్ కొట్టి, ఊరు మార్చి అమ్ముడైపోయాయి. 2019 బండికి రెండు గండాలూ ఉన్నాయి.

చూసే పద్ధతి ఇదీ. నాలుగు సీటు బెల్టులూ చివరిదాకా బయటికి లాగండి. లోపలి కొసన బురద గీత ఉంటే ఇంక మాట్లాడక్కర్లేదు. సీటు కింద పట్టాల బోల్టులు, స్టెప్నీ గుంత అడుగు, బూట్ కార్పెట్ కింద అట్ట చూడండి. డాష్‌బోర్డు కింద ఫ్యూజు బాక్సు తెరిచి పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందేమో చూడండి. హెడ్‌లైటు లోపలి అంచున సన్నటి మట్టి చార కడగడం వాళ్ల తరం కాదు. ఏసీ పెట్టిన మొదటి నిమిషంలో వచ్చే వాసన కూడా పట్టించుకోండి. కారులో సాంబ్రాణి ఘాటు, అత్తరు లాంటి పెర్ఫ్యూమ్ గుప్పుమంటే అనుమానించాల్సిందే.

సీతమ్మధార
పెర్ఫ్యూమ్ ఉంటే అనుమానమా? మా వైజాగ్‌లో సముద్రపు గాలికి ప్రతి కారులోనూ ఏదో ఒక డబ్బా ఉంటుంది. మా దగ్గర చూడాల్సింది అడుగుభాగం తుప్పు. వరదలో పడకపోయినా సస్పెన్షన్ ఆర్మ్‌లు, సైలెన్సర్ హ్యాంగర్లు తినేసి ఉంటాయి. తీరం నుంచి వచ్చిన బండి అయితే లిఫ్టు మీద ఎక్కించకుండా కొనొద్దు.

క్లచ్‌ప్లేట్
ఎంత తగ్గించమనాలో తెల్వాలంటే బండిల ఏం పోయిందో తెల్వాలె. కాగితం మీద రాసుకుంటూ చూడు.

వెళ్లేముందు "స్టార్ట్ చేసి పెట్టకండి, నేనొచ్చినంక చేద్దాం" అని ఫోన్ల చెప్పు. పోయినంక బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగుంటే ఏదో దాస్తుండని అర్థం, ఇంకో రోజు పో. చల్లగున్నప్పుడు స్టార్ట్ చేస్తే మొదటి రెండు మూడు సెకన్లు గలగల చప్పుడు వస్తే టైమింగ్ చైన్, టెన్షనర్ మీద అనుమానం. ఈ ఇంజన్‌కి బెల్టు లేదు, చైనే. ఆయిల్ టైముకి మార్చకపోతే చైన్ సాగుతది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతుంది. తెల్ల పొగ వేడెక్కినంక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతుంది. రెండిట్ల ఏదున్నా బేరం బంద్.

క్లచ్: మూడో గేరుల 30 స్పీడుకి పోయి యాక్సిలరేటర్ ఒక్కసారి పూర్తిగ తొక్కు. ఆర్‌పీఎం ముల్లు లేచి స్పీడు లేవకపోతే ప్లేటు అయిపోయింది. పెడల్ పైదాకా వచ్చినంకనే బండి కదిలినా అంతే. సెట్టు, లేబర్ కలిపి 9 వేల దాకా.

సస్పెన్షన్: చిన్న గుంతల మీద 15 స్పీడుల అద్దాలు దించి పో, రేడియో బంద్. టక్ టక్ అంటే లింక్ రాడ్లు, దబ్ అంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు. రెండు వైపులా కలిపి 5 వేలు.

టైర్లు: ఈ వేరియంటుకి 165/80 ఆర్14. ఒక్కోటి 4,500 లెక్కేస్కో. బ్యాటరీ 5 వేలు, ఫుల్ సర్వీసు ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులతోని ఇంకో 5. షాపును బట్టి అటూ ఇటూ అయితది.

ఏసీ: మధ్యాహ్నం ఎండల, బండి నిలబెట్టి పది నిమిషాలు. కదులుతుంటే చల్లగ ఉండి, నిలబడ్డప్పుడు గాలి వేడెక్కితే కండెన్సర్ ఫ్యానో, కంప్రెసరో. కంప్రెసర్ అయితే 15 వేలకు పైనే, దాన్ని తగ్గింపుల కలపకు, వాడే చేయించి ఇయ్యాలె.

మీటర్_వెనక్కి
రీడింగ్ మీద ఎవరూ మాట్లాడట్లేదేం. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి రిజిస్ట్రేషన్ నంబరు ఇచ్చి, అమ్మేవాళ్ల ద్వారా సర్వీస్ హిస్టరీ తీయించండి. తేదీ, కిలోమీటర్లు వరుసగా ఉంటాయి. ఏడాదికి 14 వేలు చొప్పున తిరిగిన బండి మధ్యలో ఒకచోట వెనక్కి పడితే మీటర్ కొట్టినట్టే. హిస్టరీ 2022లో ఆగిపోయి, తర్వాత బయట మెకానిక్ అన్నా జాగ్రత్త. క్లెయిముల మీద జరిగిన బాడీ రిపేర్లు కూడా అందులోనే బయటపడతాయి.

బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. పోర్టు స్టీరింగ్ కింద ఉంటుంది. ఎర్రర్ కోడ్‌లు లేవంటే సంతోషించకండి, రెడీనెస్ మానిటర్లు (బండి తనని తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపేవి) చూడండి. చాలావరకు "పూర్తి కాలేదు" అని చూపిస్తే, మీరు రాకముందే కోడ్‌లు చెరిపారు, లేదా బ్యాటరీ పీకారు.

గుంటూరు_గేరు
పెయింటు కొలిచే మీటరు కూడా తీసుకెళ్లండి, అద్దెకిస్తారు. ఫ్యాక్టరీ పెయింటు మామూలుగా 80 నుంచి 140 మైక్రాన్లు. 200 దాటితే మళ్లీ వేసింది, 500 దాటితే కింద లప్పం ఉంది. బంపర్లు ప్లాస్టిక్, వాటి మీద ఈ మీటరు పలకదు. డోరు, ఫెండరు గీతలకి రీపెయింటు ఉంటే పర్లేదు, మన ట్రాఫిక్‌లో అది లేని బండేది. పిల్లర్ల మీద, రూఫ్ మీద, బానెట్ కింద ఆప్రాన్ (ఇంజన్ పక్కల ఉండే లోపలి రేకు) మీద ఉంటే మాత్రం వదిలేయండి. అద్దాల మీద తయారీ సంవత్సరం కోడ్ ఉంటుంది, ఆరింటికీ ఒకేలా ఉండాలి. ఒక్క తలుపు అద్దం వేరుగా ఉంటే ఆ వైపు దెబ్బ తగిలిందేమో చూసుకోవాలి.

నిజాంపేట్_నానో
మీరు చెప్పినవన్నీ చూసొచ్చా. ముందు టైర్లు రెండిటి మీదా తయారీ కోడ్ 2221, వెనకవాటి మీద 4418, వాటికి పక్కల పగుళ్లు ఉన్నాయి. కుడి ఫెండర్ 260 మైక్రాన్లు, మిగతావన్నీ 100-120. క్లచ్ బానే ఉంది. గుంతల్లో టక్ టక్ ఉంది. బ్యాటరీ మీద స్టిక్కరే లేదు, ఉదయం కొంచెం సాగదీసి స్టార్ట్ అయింది. సీటు బెల్టులు శుభ్రం. సర్వీస్ హిస్టరీ వరుసగానే ఉంది. ఆర్‌సీలో తయారీ 12/2018, రిజిస్ట్రేషన్ 2019 ఫిబ్రవరి. ఇంకో విషయం, ఆర్‌సీలో బ్యాంకు హైపోథికేషన్ (లోన్ కింద బండి తాకట్టులో ఉన్నట్టు నమోదు) ఇంకా కనిపిస్తోంది. "లోన్ క్లోజ్ అయింది సార్, కాగితం రావాలంతే" అన్నాడు.

క్లచ్‌ప్లేట్
4418 అంటే 2018 నలభై నాలుగో వారం. బండితోటి వచ్చిన టైర్లు, ఏడేండ్లు దాటినయ్. అరుగుదల తక్కువున్నా రబ్బరు గట్టిపడ్డది, అవి రెండూ పోయినట్టే లెక్క. 62 వేలకి వెనక టైర్లు ఇంకా ఉండుడు వింతేం కాదు, లాగేది ముందు చక్రాలు గదా.

కూకట్‌పల్లి_కార్నర్
తయారీ 2018 డిసెంబరు. వాడు 2019 అని అమ్ముతున్నాడు. ఒక 15 వేలు ఇక్కడే తగ్గించాలి.

సీతమ్మధార
బజారంతా రిజిస్ట్రేషన్ సంవత్సరమే చూస్తుందండి. రెండు నెలల తేడాకి 15 వేలు అడిగితే నవ్వుతారు.

కూకట్‌పల్లి_కార్నర్
రేపు ఇదే బండి ఇదే యార్డుకి అమ్మడానికి తీసుకెళ్లండి. ఆర్‌సీ చూసిన మొదటి మాట "ఇది 18 మోడల్ కదా సార్" అనే ఉంటుంది. అమ్మేటప్పుడు 19, కొనేటప్పుడు 18. 15 రాకపోయినా ఆ మాట బల్ల మీద పెట్టి ఉంచాలి.

ఫారం_29
టైర్ల కన్నా హైపోథికేషన్ పెద్ద విషయం. "కాగితం రావాలి" అన్న మాట మీద డబ్బు కట్టకండి. కావలసినవి: బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), తాకట్టు తీసేయడానికి బ్యాంకు ముద్రతో ఫారం 35 రెండు కాపీలు. ఎన్‌ఓసీకి సాధారణంగా 90 రోజులే గడువు, తేదీ చూసుకోండి. అవి రానిదే పేరు మారదు. ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 29, ఫారం 30, ఓనర్ సంతకాలతో. ఖాళీ ఫారాల మీద ముందే చేయించి పెట్టుకున్న సంతకాలు ఆర్‌సీ ఓనర్ సంతకంతో కలవకపోతే పని అక్కడే ఆగుతుంది.

ఇంకోటి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకి ఆర్‌టీఏ అధికార పత్రం ఉండాలన్న నిబంధన వచ్చింది. ఓనర్ బండిని డీలర్‌కి అప్పజెప్పినట్టు ఫారం 29సీ ఆన్‌లైన్‌లో నమోదైతే, అప్పటినుంచి అమ్మేదాకా బండి బాధ్యత డీలర్‌దే. అది ఉందా అని అడగండి. లేకపోతే మీరు డీల్ చేస్తున్నది డీలర్‌తో, కాగితం మీద అమ్ముతున్నది మీరు మొహం చూడని ఓనర్. అలాంటప్పుడు ఓనర్‌తో ఫోన్‌లోనైనా మాట్లాడకుండా ముందుకెళ్లొద్దు.

గుంటూరు_గేరు
చలాన్లు కూడా. తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొట్టి చూడండి. అన్నీ కట్టిన రసీదు ఇచ్చాకే మిగతా డబ్బు అని చెప్పండి.

పాత_అంబాసిడర్
కొందరు డీలర్లు చలాన్లు కట్టరు, "లోక్ అదాలత్ వస్తుంది సార్" అంటారు. వాళ్ల నోట వర్షం సూచన లాగే ఉంటుంది అది కూడా.

నాలుగో_గేర్
లోన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. యార్డువాళ్లు ఫైనాన్స్ చేయిస్తే వాళ్లకి కమీషన్ ఉంటుంది. అందుకే క్యాష్ అంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. ధర తెగేదాకా "లోన్ చూస్తున్నా" అనండి, తెగాక మీ బ్యాంకు నుంచి తెచ్చుకోండి. వాళ్లు చెప్పే "8 శాతమే సార్" ఫ్లాట్ రేటు, అంటే అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా మొదటి అప్పు మొత్తం మీదే. 5 లక్షలకి 5 ఏళ్లు ఫ్లాట్ 8 అంటే వడ్డీ 2 లక్షలు, నెలకి 11,667. తగ్గే అసలు మీద లెక్కేస్తే అది 14 శాతం పైన.

సీతమ్మధార
ధర తెగాక మాట మార్చడం బాగోదు. మొదటే క్యాష్ అని చెప్పి తగ్గించమనడం నయం.

నాలుగో_గేర్
క్యాష్ అంటే తగ్గించే రోజులు పోయాయండి. 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకుంటే ఆదాయపన్ను చట్టంలో తీసుకున్నవాడికే జరిమానా. కారు కొనుగోలుకి పాన్ కూడా అడగొచ్చు. డబ్బు డీలర్ సంస్థ పేరున ఉన్న ఖాతాకే ఆర్‌టీజీఎస్ చెయ్యండి. "మా తమ్ముడి ఫోన్‌పేకి కొట్టండి" అంటే వద్దు.

కూకట్‌పల్లి_కార్నర్
ఇప్పుడు అసలు ప్రశ్నకి. ఆన్‌లైన్‌లో ఇదే సంవత్సరం, ఇదే వేరియంటు, 50 నుంచి 75 వేల కి.మీ. మధ్య ఉన్నవి పది వెతకండి, హైదరాబాద్ బండ్లే. అన్నిటికన్నా ఎక్కువది, తక్కువది తీసేసి మధ్య ధర పట్టండి. అది 5.40 అనుకుందాం. అవి అడిగే ధరలు, అమ్ముడయ్యేవి కావు. 5 శాతం కొట్టేస్తే 5.13. అందులోంచి మీ బండి లోపాలు: వెనక టైర్లు 9, బ్యాటరీ 5, బుష్‌లు లింక్ రాడ్లు 5, సర్వీసు 5. మొత్తం 24 వేలు. 4.89 వచ్చింది. ట్రాన్స్‌ఫర్‌కి న్యాయంగా 5 కలిపితే 4.94, అన్నీ కలిపి. అది మీ అసలు ధర. 5.10 దాటితే లేచి రండి. మొదలుపెట్టేది 4.65.

పెంచే మెట్లు చిన్నవవుతూ పోవాలి. 4.65, 4.80, 4.88, 4.92. ప్రతిసారీ 15 వేలు పెంచితే ఇంకో 15 మీ జేబులో ఉందని వాడికి తెలిసిపోతుంది. అంకె చెప్పాక నోరు మూసుకోండి. వాడు మాట్లాడేదాకా మీరు మాట్లాడొద్దు, టీ తాగండి.

బెజవాడ_బోల్టు
4.65 మరీ తక్కువ. 5.75 చెప్పినవాడి ముందు అది అంటే బండి చూడటానికొచ్చినోడు కాదని పక్కన పెట్టేస్తాడు. లోపాల కాగితం ముందు చూపించి, 4.80 దగ్గర మొదలుపెట్టండి. కాగితం ఉంటే అంకెకి కారణం కనిపిస్తుంది.

క్లచ్‌ప్లేట్
కాగితం నేను ముందు చూపియ్య. వాడు మొదట దిగేంతవరకు దిగనీ. "ఫైనల్" అన్నంక ఒక్కో లైను తియ్యి. ముందే చూపిస్తే ప్రతి లైనుకీ ఒక కథ చెప్తడు, "టైర్లు ఇంకో 20 వేలు నడుస్తయ్ సార్" అని.

గుంటూరు_గేరు
కొత్త కారు రేటు కూడా వాడుకోండి. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18కి దిగింది, కొత్త స్విఫ్ట్ మొదటి వేరియంటు ఎక్స్‌షోరూమ్ 6 లక్షల లోపుకి వచ్చింది. 5.75 పాతదానికి పెట్టేవాడెవడు అనండి.

ఫారం_29
అది సగం వాదనే. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే హైదరాబాద్‌లో కొత్త వీఎక్స్‌ఐ ఆన్‌రోడ్ 8 దగ్గరికి వెళ్తుంది. డీలర్‌కి అది తెలుసు. అయినా ఒకసారి అనడంలో తప్పులేదు.

పాత_అంబాసిడర్
ఆషాఢం దాకా ఆగితే ఇంకో 20 తగ్గుతుంది. మన జనం కొనరు, వాడికి యార్డు అద్దె ఆగదు.

సీతమ్మధార
ఆషాఢంలో తగ్గిస్తాడు సరే, ఇంట్లోవాళ్లు డెలివరీ తీసుకోనివ్వాలిగా. దసరా, దీపావళి అయ్యాక చూడటం మేలు. కొత్త కార్ల ఎక్స్‌ఛేంజ్‌లో వచ్చిన బండ్లతో యార్డులు నిండి ఉంటాయి.

నిజాంపేట్_నానో
ఆషాఢం దాకా ఆగలేను. 4.75 దగ్గర మొదలుపెట్టా. వారంటీ ప్యాకేజీ తీసేశాడు, అందులో ఇంజన్, గేర్‌బాక్సు తప్ప క్లచ్, సస్పెన్షన్, ఏసీ ఏవీ లేవని చదివాకే తెలిసింది. బ్యాంకు ఎన్‌ఓసీ తెప్పించాడు, తేదీ పోయిన వారానిదే. 29సీ ఉంది. ఇప్పుడు 5.10 అంటున్నాడు, ట్రాన్స్‌ఫర్, హైపోథికేషన్ తొలగింపు, పన్ను అన్నీ కలిపి. వెనక టైర్లు రెండూ కొత్తవి వేయిస్తానంటున్నాడు.

కూకట్‌పల్లి_కార్నర్
టైర్లు ఆయనే వేస్తే నా లెక్కలో టైర్లకి తగ్గించిన 9 మళ్లీ కలపాలి, మీ న్యాయమైన ధర 5.03. తేడా 7 వేలు. ఇంక లాగొద్దు, అంకె కదలకపోతే వస్తువులు అడగండి. టైర్ల తయారీ వారం ఈ ఏడాదిదే ఉండాలని రాయించండి, లేకపోతే ఎక్కడో మూలన పడున్న 2021వి తెచ్చి బిగిస్తాడు.

ఫారం_29
టోకెన్ రసీదులో ఇవి ఉండాలి: బండి నంబరు, ఛాసిస్ నంబరు, మొత్తం ధర అన్నీ కలిపి, ఏమేం కలిపారో, 30 రోజుల్లో పేరు మార్పిడి, సర్వీస్ సెంటర్ తనిఖీలో పెద్ద లోపం తేలితే టోకెన్ పూర్తిగా వాపసు. 25 వేలు వద్దు, 5 వేలు చాలు. కొత్త ఆర్‌సీ వచ్చేదాకా మిగతా డబ్బులో 25 వేలు ఆపి ఉంచండి. డెలివరీ రోజు టైమ్‌తో సహా రాయించుకోండి, ఆ నిమిషానికి ముందు పడ్డ చలాన్లు వాళ్లవి.

ఇన్సూరెన్స్ రెండు నెలలే ఉందని వదిలెయ్యకండి. 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టాలి. మారకపోతే థర్డ్ పార్టీకి ఇబ్బంది లేదుగానీ, మీ బండి దెబ్బతింటే క్లెయిమ్ ఇవ్వరు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, ఆ తేడా ప్రీమియం మీరు కట్టాలి.

నిజాంపేట్_నానో
రాయించా. ఒకటే మిగిలింది, రెండో తాళం లేదట. "పాత ఓనర్ పోగొట్టుకున్నాడు సార్" అన్నాడు.

క్లచ్‌ప్లేట్
అదిగో నీ 7 వేలు. ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతోని ఇంజన్ స్టార్ట్ కానియ్యనిది) ఉన్న తాళం, ప్రోగ్రామింగ్‌తో కలిపి 6 వేల దాకా అయితది, బయట తాళాలోళ్ల దగ్గర చేయించకు. బండి దొంగతనం అయితే ఇన్సూరెన్సోళ్లు రెండు తాళాలూ అడుగుతరు. కొత్తది చేయించి ఇయ్యమను, లేకుంటే 5.04కి దించమను. పోయిందన్న తాళం ఎవలి దగ్గరుందో తెల్వదు గాబట్టి, సర్వీస్ సెంటర్ల దాని కోడ్ కూడా తీసేయించు.